రోళ్ళపాడు బీడు, బట్టమేక పిట్టలు

మిడుతూరు మండలం రోళ్ళపాడు అంటే ఇప్పటి పిల్లోళ్ళకి జింకలు. ఆదివారం బైకులేసుకుని పోయి, వాచ్ టవర్ ఎక్కి, జింకల గుంపు కనపడేటట్టు సెల్ఫీ తీసుకుని, దారిలో టీ తాగి వచ్చేస్తారు. తప్పేం లేదు, కృష్ణజింక చూడ్డానికి బానే ఉంటది, మన రాష్ట్ర జంతువు కూడా. కానీ ఆ శాంక్చురీ పెట్టింది జింకల కోసం కాదురా అంటే మా అక్క కొడుకు నమ్మలేదు. "మరి దేనికి మామా?" అన్నాడు. బట్టమేక పిట్ట (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అన్నా. వాడు ఫోన్లో వెతికి ఫోటో చూసి, "ఇది రాజస్థాన్ పక్షి కదా!" అన్నాడు. మా జేజినాయన బతికుంటే వాడి చెవి మెలేసి ఉండేవాడు. వాడికి అప్పటికప్పుడు చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

మాది రోళ్ళపాడు కాదు, దానికి దగ్గర్లోనే ఇంకో చిన్న ఊరు, పేరు చెప్పినా ఎవరికీ తెలీదు. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా అయింది. నేను చెప్పేది 80ల సంగతి. ఊరు దాటితే చాలు కనుచూపు మేర బీడే, మధ్యమధ్యలో వానని నమ్ముకుని వేసే చేలు, కొర్ర, జొన్న, ఆముదం, బుడ్డలు (బుడ్డలంటే వేరుశనగలే, కోస్తా వాళ్ళ కోసం చెప్తున్నా), రేగు పొదలు, ఎక్కడో ఒక తుమ్మచెట్టు. పెద్ద చెట్లు లేవు కాబట్టి బయటోళ్ళ కంటికి అది ఎందుకూ పనికిరాని నేల. సినిమాల్లో రాయలసీమ కరువు చూపియ్యాలంటే అట్లాంటి చోటుకే పోయి కెమెరా పెడతారు. మాకైతే అందులో లేనిదంటూ లేదు, కంజులు, కౌజులు, కుందేళ్ళు, గుంటనక్కలు, రాత్రయితే గొర్రెల మంద చుట్టూ తిరిగే తోడేళ్ళు. వీటి మధ్యలో ఏ తొందరా లేకుండా నడుస్తా పోయేది బట్టమేక.

చూడనోళ్ళకి చెప్పడం కష్టం. మీటరు ఎత్తుంటది. మగది పది కేజీలు దాటుతుంది, బాగా తిన్నదైతే పద్నాలుగు పదిహేను దాకా కూడా తూగుతుంది, ఎగరగలిగే పక్షుల్లో ప్రపంచంలోనే బరువైన వాటిలో ఇదొకటి. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్ల టోపీ, వీపు మట్టి రంగు, రొమ్ము మీద అడ్డంగా సన్నటి నల్ల పట్టీ. ఆడది కొంచెం చిన్నది. మనిషి కనపడగానే పరిగెత్తదు, లేవదు, తల పైకెత్తి అట్ల ఒక పక్కకి తిరిగి చూస్తది, నువ్వు ఇంకో నాలుగడుగులు వేస్తే అది కూడా నాలుగడుగులు వేస్తది. మధ్యలో దూరం మాత్రం తగ్గనియ్యదు.

మా జేజినాయన దాని కూర తిన్నాడు. ఇది దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు. మా పూర్వీకులు పక్షుల్ని దేవుళ్ళలాగా చూసుకున్నారు అని కొందరు రాస్తుంటారు, మా ఊళ్ళో అట్లేం లేదు. దొరికితే తిన్నారు, గుడ్డు కనపడితే కొందరు తెచ్చుకున్నారు, కొందరు పాపమని వదిలేశారు. కానీ వాళ్ళు తిన్నది ఎప్పుడో ఒకటి. పట్నం నుంచి జీపులేసుకుని, తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళంట, వాళ్ళు వచ్చిపోతే బీడు మొత్తం కొన్నాళ్ళ దాకా ఖాళీ అయిపోయేదని చెప్పేవాడు. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది, బట్టమేకని షెడ్యూల్ 1లో పెట్టారు, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ఆ సంగతి మా ఊరిదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది లెండి.

80ల మొదట్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వచ్చారు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ గారి సంస్థ. అప్పటికే దేశమంతా ఈ పిట్ట తగ్గిపోతుందని గోల మొదలైంది, 1980లో జైపూర్లో బస్టర్డ్ పక్షుల మీద పెద్ద అంతర్జాతీయ సభ పెట్టారు, పోస్టల్ స్టాంపు కూడా వేశారు. అంతకు ముందు జాతీయ పక్షిని ఎంచుకునేటప్పుడు సలీం అలీ గారు దీన్నే చెయ్యమన్నారని అంటారు, చివరికి 1963లో నెమలికి దక్కింది. సరే, ఆ సంస్థ వాళ్ళు దేశంలో మూడు నాలుగు చోట్ల మకాం పెట్టి ఈ పిట్ట మీద ఏళ్ళ తరబడి స్టడీ చేశారు, మధ్యప్రదేశ్‌లో కరేరా, మహారాష్ట్రలో నానజ్, మన దగ్గర రోళ్ళపాడు. అసద్ రహమానీ గారు, రంజిత్ మనకాడన్ గారు, వీళ్ళ పేర్లన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. అప్పుడు మాకు అక్కడికి ఎవరొచ్చినా అందరూ "పిట్టల సార్లే". పొద్దున చీకట్లో పోయి గుడిసెలో కూర్చుంటారు, మెడలో దుర్భిణి, చేతిలో పుస్తకం, ఒక పిట్ట ఏ టైంలో ఎటు నడిచింది, ఏం తిన్నది, ఎంతసేపు నిలబడింది అన్నీ రాసుకుంటారు. మా ఊరి పెద్దోళ్ళు, "సదువుకున్నోళ్ళకి ఏం పనీ లేదు" అని నవ్వుకునేవాళ్ళు. మాకు పిల్లోళ్ళకి మాత్రం పండగే, ఎందుకంటే వాళ్ళలో ఒక సారు దుర్భిణిలో చూడనిచ్చేవాడు.

మా చిన్నాయన అక్కడ వాచరుగా చేరాడు. సొంత చిన్నాయన కాదు, నాయనకి పెదనాయన కొడుకు, కానీ మా ఇంట్లో పెరిగినోడే. ఆయనకి చదువు రాదు. పిట్ట మాత్రం తెలుసు. పోయేది ఆడదా మగదా అనేది మనకి చుక్కలాగా కనపడే దూరంలోనే చెప్పేసేవాడు. ఒకసారి దసరా సెలవుల్లో నన్ను కూడా పొద్దున్నే తీసుకుపోయాడు, మాట్లాడొద్దు, తుమ్మొద్దు, లేవొద్దు అని వంద షరతులు పెట్టి. గుడిసెలో గడ్డి సందుల్లోంచి చూస్తున్నాం. తెల్లారుతుండంగ ఒక మగ బట్టమేక కొంచెం మిట్ట మీదికి వచ్చి నిలబడి, తోక ఎత్తి వీపు మీదికి వాల్చి, గొంతు కింద సంచీ ఊదడం మొదలుపెట్టింది. తెల్లటి సంచీ, అది ఉబ్బి ఉబ్బి నేలకి తాకేటట్టు వేలాడుతుంది, పిట్ట ఆకారమే పోయింది. ఆ తర్వాత కూత. ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదితే వస్తుంది చూడండి, అట్లాంటి శబ్దం, పెద్దగా ఉండదు గానీ చాలా దూరం పోతుంది. అర కిలోమీటరు అవతల ఉన్న ఆడపిట్టకి వినపడుతుందంట. నాకు నవ్వొచ్చింది, చిన్నాయన నా నోరు మూసి పట్టుకున్నాడు.

అంత హడావిడి చేసి మగది తన దారిన పోతుంది. గుడ్డు పెట్టడం, పొదగడం, పిల్లని పెంచడం అంతా ఆడదే. ఏడాదికి పెట్టేది మామూలుగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద, గూడు లేదు ఏమీ లేదు. నెల రోజులకి కొంచెం తక్కువ పొదగాలి. ఆ ఒక్క గుడ్డుని ముంగిస తినొచ్చు, కాకి తినొచ్చు, కుక్క తినొచ్చు, గొర్రెల మంద తొక్కొచ్చు. మా చిన్నాయన గుడ్డు పెట్టిన చోటు దగ్గరకి అసలు పోయేవాడు కాదు. మనిషి పోతే పిట్ట లేస్తది, పిట్ట లేస్తే కాకి చూస్తది అనేవాడు, చాలా దూరంలో ఒక పొద దగ్గర కూర్చుని, ఎవరైనా గొర్రెలు తోలుకుని అటు వస్తుంటే చేతులూపి దారి మళ్ళించేవాడు, ఎందుకు మళ్ళిస్తున్నాడో చెప్పకుండా, చెప్తే ఊరంతా చూడ్డానికి వస్తారని.

1988లో శాంక్చురీ ప్రకటించారు. 614 హెక్టార్లు, అంటే పదిహేను వందల ఎకరాల చిల్లర. కందకాలు తవ్వారు, లోపలికి పశువులు పోకుండా. కొన్నేళ్ళకే గడ్డి ఎట్లా లేచిందంటే, మేము అంతకు ముందు ఎప్పుడూ చూడనంత. ఆ గడ్డి లేచాక నిజంగా మంచి జరిగింది, అది ఒప్పుకోవాలి. వానాకాలంలో నేలనెమలి (బట్టమేకకి చుట్టం పిట్టే, ఇంగ్లీషులో లెస్సర్ ఫ్లోరికన్) కనపడేది, మగది గడ్డి పైకి ఎగిరెగిరి దూకుతుంది, కప్ప దూకినట్టు అని రాయబోయి ఆగా, దాన్ని దేనితోనూ పోల్చడానికి లేదు. చలికాలం వస్తే మధ్య ఆసియా నుంచి హ్యారియర్ గద్దలు వందల్లో దిగేవి. ఇవి పగలంతా చేల మీద మిడతల కోసం తిరిగి, పొద్దు వాలే టైంకి అన్నీ ఒక్కచోటికి చేరి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. ప్రపంచంలో ఈ గద్దలు గుంపుగా పడుకునే పెద్ద చోట్లలో రోళ్ళపాడు ఒకటని పుస్తకాల్లో చదివినప్పుడు నాకు గొప్పగానూ అనిపించింది, కోపం కూడా వచ్చింది, ఎందుకంటే మా స్కూల్లో మాకు ఆఫ్రికా సవన్నాల గురించి పాఠం ఉండేది, రోళ్ళపాడు గురించి ఒక్క లైను లేదు.

గొర్రెలు కాసే తాత ఒకాయన ఉండేవాడు, ఆయనకి కందకాలు అస్సలు నచ్చలేదు. మేతకి చోటు పోయిందని ఏడుపు ఒకటి, సరే అది సహజమే, కానీ ఇంకో మాట కూడా అనేవాడు. "గడ్డి మోకాలు దాటితే బట్టమేక రాదు రా, దానికి నడిచేటప్పుడు తల ఎత్తి చూడ్డానికి ఉండాల, పురుగులు దొరకాల. మా గొర్రెలు మేస్తాంటేనే దానికి బాగుండ్య." అప్పట్లో ఈ మాట ఎవరూ పట్టించుకోలేదు, గొర్రెలాయన గొర్రెల తరఫునే కదా మాట్లాడతాడు. తర్వాత ఈ పక్షి మీద పనిచేసినోళ్ళు రాసినవి చదువుతుంటే, పొట్టి గడ్డీ ఉండాలి, పొడుగు గడ్డీ ఉండాలి, చేలూ ఉండాలి, మేత పూర్తిగా ఆపేస్తే కూడా ఇబ్బందే అని కనపడింది. బట్టమేక తినేవి చూడండి: మిడతలు, పేడపురుగులు, బల్లులు, తొండలు, రేగుపళ్ళు, చేలల్లో బుడ్డలు, ధాన్యం గింజలు. ఇందులో సగం మా చేలల్లోనే దొరికేవి. అది గుడ్డు పెట్టేది గడ్డిలో, తిరిగేది మా పొలాల్లో. కందకం లోపల ఉన్న పదిహేను వందల ఎకరాలు దానికి ఒక మూల, మిగతా ఇల్లంతా బయటే ఉంది, ఆ బయట ఉన్నది మేమే.

ఇక జింకల కథ. పిట్ట కోసం కాపలా పెట్టారు, వేట ఆగింది, గడ్డి లేచింది, దాంతో జింకలు పెరిగాయి. ఒకటీ రెండూ కాదు. రాత్రి పూట వచ్చి పడేవి, కొర్ర మొలక, బుడ్డల చేను, ఏదైనా సరే. జింక తినేదానికంటే తొక్కి పాడుచేసేది ఎక్కువ. నాయన మంచె వేసుకుని రాత్రంతా అక్కడే, నేను సెలవులకి వస్తే నేనూ ఆయనతోనే. డబ్బా కొడతాం, అరుస్తాం, అవి ఇంకో చేలోకి పోతాయి, ఆ చేను వాళ్ళు డబ్బా కొడతారు, మళ్ళీ ఇటే వస్తాయి. పాత చీరలు తెచ్చి గట్ల మీద కంచె లాగా కట్టేవాళ్ళం, కొన్నాళ్ళు పనిచేసేది, తర్వాత జింకలకి చీరలు అలవాటయ్యాయి. నష్టపరిహారం అని కాయితాలు పెట్టుకుంటే అవి ఎప్పటికో వచ్చేవి, విత్తనం ఖర్చుకి కూడా సరిపోయేవి కాదు.

ఒకరోజు పొద్దున్నే చిన్నాయన మా చేను మీదుగా డ్యూటీకి పోతున్నాడు, నాయన మంచె దిగి నేరుగా ఆయన మీదికి పోయాడు. "పిట్ట కోసరమంటారు, యాడుందిరా పిట్ట? నాకు కనపడేటియన్నీ జింకలే! నీ జింకల్ని నువ్వు తోలుకపో, ల్యాకపోతే నీ జీతం నాకియ్యి!" చిన్నాయన ఏమీ అనలేదు, తల దించుకుని పోయాడు. ఏమంటాడు, ఆయన చేను కూడా ఆ పక్కనే, ఆయన కొర్ర కూడా పోయింది. ఇద్దరికీ చాలాకాలం మాటల్లేవు, పండగకి కూడా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి భక్ష్యాలు మా జేజి నాతో పంపించేది, వాళ్ళిద్దరూ ఎదురుపడకుండా.

ఇది మా ఊరి గొడవ మాత్రమే అనుకున్నా గానీ, కరేరాలో అచ్చు ఇదే జరిగింది. అక్కడ అప్పట్లో శాంక్చురీ 200 చదరపు కిలోమీటర్లు ఉండేది, కానీ అందులో చాలా భాగం రైతుల సొంత పొలాలు. పొలం అమ్ముకోవడానికి లేదు, కొనుక్కోవడానికి లేదు, పైనుంచి జింకలు పంట తినేస్తాయి. జనానికి పిట్ట పేరెత్తితే మంట. 90లు సగం కూడా కాకముందే అక్కడ బట్టమేక అనేది లేకుండా పోయింది. మహారాష్ట్రలో ఇంకో తమాషా, 1979లో సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాల్లో బట్టమేక శాంక్చురీ అని 8,496 చదరపు కిలోమీటర్లు గీత గీశారు, అందులో ఊళ్ళున్నాయి, పట్నాలున్నాయి, హైవేలున్నాయి, చెరుకు తోటలున్నాయి. తర్వాత దాన్ని 1,222కి తగ్గించారు. అంటే ఒకచోట 6 చదరపు కిలోమీటర్లు, ఒకచోట 200, ఇంకోచోట ఎనిమిదిన్నర వేలు, అన్ని సైజుల్లోనూ గీతలు గీసి చూశారు, ఎక్కడా పిట్ట నిలబడలేదు. నాకు అర్థమైనంతలో గొడవ గీత సైజులో లేదు. గీత లోపల ఉన్నోడికి, బయట ఉన్నోడికి పిట్ట వల్ల ఏం వస్తుంది, ఏం పోతుంది అనే లెక్క ఎవరూ వెయ్యలేదు. రహమానీ గారు లాంటోళ్ళు ఆ రోజుల్లోనే చెప్పారు, గుడ్లు పెట్టే చిన్న చిన్న చోట్లు గట్టిగా కాపాడండి, చుట్టూ ఉన్న రైతుని ఇబ్బంది పెట్టకుండా పిట్టకి పనికొచ్చే పంటలు ఉండేటట్టు చూడండి అని. చెప్పడం వరకే అయింది.

ఈలోపు మా పంటలు మారిపోయాయి. ఇది చెప్పకుండా అంతా జింకల మీద, ఫారెస్టోళ్ళ మీద తోసేస్తే అబద్ధం అవుతుంది. 90లలో బోర్లు వచ్చాయి, కాలవ నీళ్ళు అందిన చోట అందాయి, పొద్దుతిరుగుడు వచ్చింది, పత్తి వచ్చింది, తర్వాత మొక్కజొన్న. కొర్ర వేసేవాడు పిచ్చోడు కింద లెక్క, అప్పట్లో కొర్రకి రేటే లేదు (ఇప్పుడు హైదరాబాదులో మిల్లెట్స్ అని ప్యాకెట్లో పెట్టి అమ్ముతుంటే మా నాయన రేటు చూసి నోరు తెరిచాడు). పత్తికి శనగపచ్చ పురుగు పట్టి కర్నూలు, గుంటూరు, వరంగల్ రైతులు ఎట్లా నాశనమయ్యారో అందరికీ తెలుసు, వారానికోసారి మందు, కొన్నిసార్లు వారానికి రెండుసార్లు. ఆ మందుకి పచ్చపురుగు చావలేదు గానీ చేలో ఉండే మిడతలు, పేడపురుగులు అన్నీ పోయాయి. పొద్దున్నే చేలో అడుగుపెడితే కాళ్ళ దగ్గర నుంచి చిటపటమని మిడతలు లేచేవి మా చిన్నప్పుడు, పత్తి చేలో ఆ చప్పుడే లేదు. బట్టమేక ఏం తినాలి మరి, హ్యారియర్ గద్దలు ఏం తినాలి?

నాయన కూడా బోరు వేశాడు, పత్తి వేశాడు. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ పత్తి నుంచే వచ్చింది. కాబట్టి రైతు కొర్ర వేసుకుని బట్టమేక కోసం పేదగా ఉండిపోవాల్సింది అని నేను అనను, అనే హక్కు నాకు లేదు, సిటీలో కూర్చున్న ఎవరికీ లేదు.

నేను అక్కడ చివరిసారి బట్టమేకని చూసింది 2000ల మొదట్లో. ఉద్యోగం వచ్చాక ఊరికి పోయినప్పుడు చిన్నాయనతో కలిసి బీడులోకి పోయా. అప్పటికి నాయనకీ ఆయనకీ మాటలు కలిశాయి, ఎట్లా కలిశాయో నాకు తెలీదు, ఇద్దరూ పెద్దోళ్ళయిపోయారు అంతే. చాలాసేపు తిరిగాం. జింకలు, జింకలు, ఇంకా జింకలు. ఎండ ఎక్కుతుండగా చిన్నాయన చెయ్యి చూపించాడు, దూరంగా ఒక ఆడపిట్ట, ఒక్కతే. గుడ్డు పెట్టే కాలమే గానీ కూత ఎక్కడా లేదు. "మగది ల్యాక రెండేండ్లాయ" అన్నాడు చిన్నాయన. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఎవరో ఒకరు చూశామనేవాళ్ళు, బళ్ళారి వైపు సిరుగుప్పలో కొన్ని మిగిలాయని వినేవాళ్ళం, మనవే అటు పోయాయేమో అని చిన్నాయన ఆశ. ఆయన రిటైరయ్యే నాటికి ఆ డ్యూటీ మొత్తం జింకల లెక్కలు, టూరిస్టులకి దారి చూపించడం అయిపోయింది.

ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభై కూడా లేవంటున్నారు, దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే, జైసల్మేర్ చుట్టుపక్కల. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు, వాళ్ళ రాష్ట్ర పక్షి. అక్కడ సమస్య కరెంటు తీగలు. బట్టమేక కళ్ళు పక్కలకి ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనపడదు, అంత బరువున్న పిట్ట తీగ దగ్గరకొచ్చాక చూసినా పక్కకి తిప్పుకోలేదు. ఎడారిలో సోలార్, గాలిమరలు వచ్చాయి, వాటి నుంచి కరెంటు తీసుకుపోయే తీగలు వచ్చాయి. వన్యప్రాణుల కోసం పనిచేసే ఎం.కె. రంజిత్‌సిన్హ్ గారు సుప్రీం కోర్టుకి పోతే 2021లో తీగలు భూమిలో వెయ్యమని కోర్టు చెప్పింది, అంత విస్తీర్ణంలో అది కుదిరే పని కాదని ప్రభుత్వం అంటే 2024లో ఆ ఉత్తర్వు మార్చి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణం కోసం సోలార్ కావాలి, పిట్ట కోసం తీగలు వద్దు, రెండూ పర్యావరణమే, రెండిటికీ పడదు. మన దగ్గర కూడా అదే వరస, గని, శకునాల అనే ఊళ్ళ దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, దాదాపు ఆరు వేల ఎకరాలు, అంటే రోళ్ళపాడు శాంక్చురీకి సుమారు నాలుగింతలు. సోలార్‌కి ఎకరాలు దొరికాయి, ఎందుకంటే ఆ ఎకరాలకి ఎవరో రేటు కట్టారు.

రాజస్థాన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ళు బీడులో పెట్టిన గుడ్లు తెచ్చి మెషీన్లో పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు, 2019లో మొదలుపెట్టారు. 2024 అక్టోబర్లో అయితే కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టింది, ఒక సెంటర్లో మగదాని నుంచి వీర్యం తీసి, రెండు వందల కిలోమీటర్లు తీసుకుపోయి ఇంకో సెంటర్లో ఆడదానికి ఇచ్చారు. అబుదాబిలో హుబారా అనే చుట్టం పిట్టల్ని ఇట్లాగే పెంచుతారు, అక్కడ నేర్చుకొచ్చారు. ఈ వీడియో నేను చిన్నాయనకి చూపించా. ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసి, "పిల్ల బాగుండాది. మనిషి సేతిలో పెరిగినాది మనిషిని సూసి పారిపోతాదా?" అని అడిగాడు. అక్కడి శాస్త్రవేత్తలు కూడా ఇప్పుడు బుర్ర బద్దలు కొట్టుకునేది దాని గురించే. పెంచిన పిల్లలు బయట బతకాలంటే మనిషంటే భయం ఉండాలి, కుక్కంటే భయం ఉండాలి, ఆ భయం నేర్పే తల్లి సెంటర్లో ఉండదు.

ఎప్పటికైనా ఆ పిల్లలు ఎక్కువై, వేరే రాష్ట్రాల్లో కూడా వదలాలి అనుకుంటే రోళ్ళపాడు పేరు కూడా వస్తుందని నా ఆశ. కందకాలున్నాయి, గడ్డి ఉంది. కానీ పిట్ట వచ్చిన మర్నాడే కందకం దాటి చేలోకి వస్తుంది, అక్కడ ఏముంది? పత్తి, మొక్కజొన్న, తీగలు, ఊరకుక్కలు, జింకల మీద కోపంగా ఉన్న రైతులు. పిల్లల కంటే ముందు తయారు కావాల్సింది ఆ చేలు. చుట్టూ ఉన్న ఊళ్ళల్లో ఒక రెండు మూడు వేల ఎకరాలు మందు కొట్టకుండా కొర్ర, జొన్న, బుడ్డలు వేసేటట్టు చేసి, తేడా డబ్బులు రైతుకి కట్టాలి, అదీ ఏడాది చివర్లో కాయితాల మీద కాదు, విత్తనం వేసేటప్పుడే చేతికి. జింకలకి అడ్డుగా గట్టి కంచె సర్కారే వెయ్యాలి. వాచర్లుగా ఆ ఊళ్ళ వాళ్ళనే, అందులోనూ గొర్రెలు కాసేవాళ్ళని పెట్టాలి.

ఇదంతా మొన్న సంక్రాంతికి పోయినప్పుడు నాయన దగ్గర చెప్పా. ఎనభై దాటాయి, వినపడటం తగ్గింది, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది, చిన్నాయన పక్కనే అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు. అంతా విని నాయన, "కొర్ర ఏస్తాం, దానికేముంది, మా నాయన ఏసిందే కదా. ఎకరాకి ఎంతిస్తారో ముందు కనుక్కో" అన్నాడు. కౌలు రేటు కంటే ఎక్కువే అడగాలి కదా అన్నా. "కౌలు కాదు, పత్తి మీద మిగిలేదెంతో అంత. జింకల కంచె ముందు నా చేను సుట్టూ ఎయ్యాల. బోరు మూయమంటే మాత్రం ఒప్పుకోను." చిన్నాయన అందుకుని, "నా నాలుగెకరాలు కూడా రాసుకో, అన్న అడిగిన రేటే నాకూ" అన్నాడు.